‘చదువుకున్న నాన్న ఎలా నమ్మారు?’ ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు జవాబు

ప్రశ్న: మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా వైజాగ్‌లో కూర్మన్నపాలెంలో ఉంటారు, మేం బెంగళూరులో. పోయిన నెల అమ్మ ఊరెళ్లినప్పుడు ముంబై పోలీసులమంటూ వీడియో కాల్ వచ్చింది. ఆయన ఆధార్‌తో వెళ్లిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయని చెప్పి రెండు రోజులు కాల్ కట్ చేయనివ్వలేదు. 4 లక్షల 80 వేలు పంపేశారు. చివరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి అనుమానం వచ్చి మాకు ఫోన్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్తే కొంత డబ్బు ఆగింది. ‘ఇంత చదువుకుని ఎలా నమ్మావు నాన్నా’ అని అన్నయ్య గట్టిగా అరిచాడు. అప్పట్నుంచి ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. ఇంతకీ ఆన్‌లైన్‌లో ఎవర్ని నమ్మాలి? స్మార్ట్‌ఫోన్ తీసేసి ఆయనకి మామూలు ఫోన్ ఇచ్చేద్దామా?

జవాబు:

అమ్మా, నేను 33 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి ఆరేళ్లు వైజాగ్‌లోనే బ్రాంచి మేనేజర్ని. డబ్బు పోగొట్టుకుని నా టేబుల్ ముందు కూర్చున్నవాళ్లలో లెక్చరర్లున్నారు, డాక్టర్లున్నారు, పోర్టు ఆఫీసర్లున్నారు, ఒక ఆడిటర్ కూడా ఉన్నాడు. కాబట్టి మీ అన్నయ్యకి ముందు ఒక మాట చెప్పండి. చదువు దీనికి అడ్డు కాదు. నన్నడిగితే ఇలా వీడియో కాల్‌లో కట్టిపడేసి బెదిరించే ఈ డిజిటల్ అరెస్టు అనేది చదువుకున్నవాళ్ల కోసమే కుట్టిన చొక్కా. సుప్రీంకోర్టు ముద్ర ఉన్న కాగితం చూపిస్తే, దాన్ని చదవగలిగినవాడికే కదా చెమట పట్టేది! మనీ లాండరింగ్ అంటే ఏమిటో తెలియని మనిషికి ఆ కేసు పెడతామంటే చీమ కుట్టినట్టైనా ఉండదు. మీ నాన్నగారు 34 ఏళ్లు మెమోలు, ఎంక్వయిరీలు, ‘పై ఆఫీసర్‌కి రిపోర్టు చేయండి’ లాంటి మాటల మధ్య గడిపారు. ఆఫీసు గొంతుతో ఎవరైనా గద్దిస్తే కూర్చుని జవాబు చెప్పడం ఆయనకి ఒంటబట్టిన అలవాటు. వాళ్లు పట్టుకున్నది ఆ అలవాటునే.

నా సంగతి కూడా చెప్తాను, నవ్వుకోండి. 2022 వేసవిలో ‘ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని నాకో మెసేజ్ వచ్చింది. అలాంటివి నమ్మొద్దని అదే వారం మా బ్రాంచి గోడ మీద నోటీసు అంటించింది నేనే. కానీ ఆ నెల బిల్లు నేను నిజంగానే కట్టలేదు. ఇంట్లో మా అత్తగారికి ఆక్సిజన్ మిషన్ నడుస్తోంది. ఫోన్ చేశాను. అవతలివాడు చాలా మర్యాదగా ‘పది రూపాయలు కట్టండి సార్ చాలు, రికార్డు అప్‌డేట్ అయిపోతుంది’ అని ఒక స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించాడు. నేను కొట్టిన కార్డు నంబరు, నాకొచ్చిన ఓటీపీ అన్నీ వాడికి కనిపించాయి. 18 వేలు పోయాయి. మూడు రోజులు మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అంటే నాకు తెలియక కాదు. ఆ మెసేజ్ నా ఇంట్లో అప్పటికే ఉన్న ఒక నిజానికి వచ్చి అతుక్కుంది. పార్శిల్ కోసం ఎదురుచూస్తున్నవాడికి పార్శిల్ కాల్ అతుక్కుంటుంది. బండి మీద చలానా ఉన్నవాడికి ఆ చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో దొంగ యాప్ వేసే ఫైల్, అతుక్కుంటుంది. మోసగాడికి మన గురించి పెద్దగా తెలియనక్కర్లేదు. వెయ్యిమందికి పంపితే పదిమందికి ఆ సమయానికి సరిపోతుంది. ఆ పదిమందికీ ‘వీడికి నా సంగతి ఎలా తెలుసు’ అనిపిస్తుంది. పుకార్లూ అంతే. 2020 మే 7 తెల్లవారుజామున వైజాగ్‌లోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి లీకైంది, పన్నెండు మంది పోయారు. ఆ రాత్రే మళ్లీ లీకైందన్న మాట ఫోన్లలో తిరిగి, అర్ధరాత్రి జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికి వచ్చేశారు. వాళ్లని తెలివితక్కువవాళ్లని ఎవరనగలరు? పొద్దున జరిగింది కళ్లముందుంది.

ఇక ‘ఎవర్ని నమ్మాలి’ అన్న ప్రశ్న. మాటని బట్టో మొహాన్ని బట్టో అబద్ధం పట్టేయగలమని మనందరికీ ఒక ధీమా ఉంటుంది. నాకు మరీ ఎక్కువుండేది, లోన్ల సీటులో కూర్చున్నవాణ్ని కదా. అబద్ధాన్ని మనుషులు ఎంతవరకు పసిగట్టగలరని చేసిన పరిశోధనలన్నిటినీ చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒకచోట పెట్టి లెక్కగట్టారు. సగటున వందకి 54 సార్లు సరిగ్గా చెప్పగలుగుతున్నాం. బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది! టిమోతీ లెవీన్ అనే ఇంకో పరిశోధకుడు దీనికి కారణం చెప్తాడు: ఎదుటివాడు చెప్పేది నిజమే అనుకోవడం మన సహజ స్థితి, గట్టి కారణం కనిపిస్తే తప్ప అనుమానం రాదు. అదేం లోపం కాదు. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలమ్మే ప్రతి ఆవిడనీ, ప్రతి ఆటో డ్రైవర్‌నీ అనుమానిస్తూ ఒక్కరోజు బతకండి చూద్దాం. అందుకే ‘ఎవర్నీ నమ్మొద్దు’ అని పెద్దవాళ్లకి చెప్పే సలహా నాకు నచ్చదు. అది అయ్యే పని కాదు. పైగా అలా చెప్పినవాడి మాటని మాత్రం నమ్మాలన్నమాట.

ఇంకొకటి. ‘ఇంత పిచ్చి మెసేజ్ ఎవడు నమ్ముతాడు’ అని నవ్వేవాళ్లున్నారే, వాళ్లకో సంగతి తెలియదు. లాటరీ తగిలిందనీ, నైజీరియా యువరాజు ఆస్తి రాసిచ్చాడనీ వచ్చే మెయిళ్లు అంత మొద్దుగా ఎందుకుంటాయని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో ఒక పేపరు రాశాడు. ఆయన వాదన ప్రకారం ఆ మొద్దుతనం వాళ్లకి జల్లెడ. తెలివైనవాళ్లు నవ్వి వదిలేస్తారు, చివరిదాకా వచ్చేవాళ్లే మిగులుతారు, మోసగాడికి టైము కలిసొస్తుంది. పిచ్చి మెసేజ్‌లు చూసి నవ్వీ నవ్వీ మోసమంటే ఇలాగే ఉంటుందని అనుకునేవాళ్లం, నున్నగా వచ్చినదాన్ని గుర్తుపట్టలేం. ఇది నా అనుభవం కూడా.

మరి చేయగలిగిందేమిటి? మనిషిని తూచడం మానేసి, దారి మార్చాలి. మన వైజాగ్ ఉదాహరణే చెప్తాను. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు ఇది. యూనిఫాం కనిపిస్తే చోటిచ్చి కూర్చోబెడతాం. సీతమ్మధారలో మా పక్కింటాయన ఫ్లాటు అద్దెకిస్తానని ఆన్‌లైన్‌లో పెట్టాడు. గంటలో ఫోన్. ‘నేను జవాన్ని సార్, వైజాగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, ఫ్యామిలీతో వస్తున్నా, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్సు ఇప్పుడే వేస్తా.’ ఐడీ కార్డు వచ్చింది, క్యాంటీన్ కార్డు వచ్చింది, యూనిఫాంలో ఫొటో వచ్చింది. తర్వాత మెలిక: ‘ఆర్మీ అకౌంటు రూల్ ప్రకారం ముందు మీరు రూపాయి వేయాలి, రెండు రూపాయలు వెనక్కి వస్తాయి.’ నిజంగానే రెండు వచ్చాయి! అప్పుడు అడ్వాన్సు మొత్తం వేయమన్నాడు. ఆయన నాకు ఫోన్ చేసి అడిగాడు కాబట్టి సరిపోయింది. ‘బాబూ, ఇక్కడ మీ యూనిట్ ఎక్కడో చెప్పు, రేపు పొద్దున గేటు దగ్గరికొచ్చి చెక్కు తీసుకుంటా’ అనమన్నాను. అంతే, ఫోన్ మళ్లీ మోగలేదు.

కిటుకంతా అందులోనే ఉంది. వాడు చూపించిన ఐడీ కార్డు దొంగదా నిజమైనదా అని మేం గంటసేపు భూతద్దం పెట్టి చూసినా తేలేది కాదు. ఎవరో నిజమైన జవాన్ కార్డే కొట్టేసి ఉండొచ్చు. వాడు వేసిన దారిలో నడిచినంతసేపూ ప్రతి రుజువూ వాడి చేతిలోదే. మనం ఎంచుకున్న దారిలోకి రమ్మన్నప్పుడు రాలేడు.

బ్యాంకు నుంచి ఫోనంటే కట్ చేసి, కార్డు వెనకున్న నంబరుకి మీరే చేయండి. ఈమధ్య బ్యాంకులు సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు వాడుతున్నాయి. రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాలకి మారమంది. ఇవి మంచివే, అయినా వచ్చిన కాల్ కంటే చేసిన కాల్ మేలు. నంబరు కోసం మాత్రం గూగుల్‌లో వెతికి పైన వచ్చిందానికి కొట్టేయకండి, కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నవాళ్లున్నారు. కొడుకు వాట్సాప్‌లో ‘నాన్నా ఫోన్ పోయింది, ఇది కొత్త నంబరు, అర్జెంటుగా 20 వేలు’ అంటే పాత నంబరుకి చేయండి. ఎత్తకపోతే కోడలికి చేయండి. గొంతుని కూడా కంప్యూటర్‌తో తయారుచేసే రోజులు కాబట్టి మా ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకున్నాం. మా మనవరాలు పెట్టింది, అదో వంటకం పేరు, ఇక్కడ రాయను. ఇక యూపీఐ. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. బ్యాలెన్సు చూసుకోవడానికి తప్ప పిన్ కొట్టారంటే మన డబ్బు బయటికి పోతున్నట్టే. 2016లో యూపీఐ వచ్చినప్పటినుంచీ ఈ ఒక్క ముక్క చెప్తూనే ఉన్నాం.

జనం తప్పుగా నమ్మే గుర్తులు కొన్నున్నాయి. వెబ్‌సైట్ పక్కన తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదనుకుంటారు. ఆ తాళానికి అర్థం మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే. అవతల కూర్చున్నది దొంగ అయితే దొంగతోనే రహస్యంగా మాట్లాడుతున్నారన్నమాట. జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మని తీసేసింది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) నీలం టిక్కు 2022 చివర్నుంచి డబ్బు కడితే వస్తోంది. ట్రూకాలర్‌లో పడే పేరు ఆధార్ కార్డు కాదు. తెలుగులో మాట్లాడాడు కాబట్టి మనవాడే అనుకోవడం వీటన్నిటికంటే పాతది.

మనవాడే అయి ఉండొచ్చు కూడా, అదే బాధ. 2024 మేలో విశాఖ పోలీసులు కొందరు ఉద్యోగాల ఏజెంట్లని పట్టుకున్నారు. డేటా ఎంట్రీ పనని నమ్మించి మన కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి, అక్కడ గదుల్లో పెట్టి సైబర్ మోసాలు చేయించారు. ఆ నెలాఖరులోపే కొందరు వెనక్కొచ్చి మన ఎయిర్‌పోర్టులో దిగారు. మీ నాన్నగారిని వీడియో కాల్‌లో గద్దించినవాడు ఉద్యోగం కోసం మోసపోయి, తప్పించుకోలేక ఆ స్క్రిప్టు చదువుతున్న గాజువాక కుర్రాడైనా కావొచ్చు. ఇక డబ్బు వెళ్లే అకౌంట్లు చాలావరకు మామూలువాళ్లవి. నెలకి ఐదువేలో పదివేలో వస్తాయని పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవడికో ఇచ్చేసిన కాలేజీ పిల్లలు. పోలీసులు వచ్చినప్పుడు ముందు తలుపు తట్టేది వీళ్లదే. ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్లలో పిల్లలుంటే ఈ మాట చెవిన వేయండి.

మీ నాన్నగారి విషయానికొస్తే, నా సర్వీసు చివరి ఏడాది, 2024లో జరిగిందొకటి రాయాలి. 70 దాటిన ఒకాయన పదకొండింటికి వచ్చి 9 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయమన్నాడు. ఎందుకండీ అంటే ‘మా అమ్మాయి పెళ్లి’ అన్నాడు. ఆయన కూతుళ్లిద్దరి పెళ్లిళ్లకీ లోన్లు ఇచ్చింది మా బ్రాంచే. మాట్లాడుతున్నంతసేపూ నా కళ్లలోకి చూడలేదు. చొక్కా జేబులో ఫోను కెమెరా బయటికి కనిపించేలా పెట్టుకున్నాడు. ఏసీ కింద కూర్చుని చెమటలు. నేను గట్టిగా ‘సరేనండీ, ఫారం నింపుదాం’ అంటూ ఒక విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక ‘ఫోన్లో ఎవరైనా ఉన్నారా?’ అని రాసి తోశాను. ఆయన చదివాడు. తల కొద్దిగా ఊపాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆయన జేబులోంచి ఫోన్ తీసి స్విచాఫ్ చేశాను. పదినిమిషాలు మాట్లాడలేకపోయాడు. తర్వాత ‘నన్ను కాదండీ, మా అబ్బాయి ఉద్యోగం పోతుందన్నారు’ అన్నాడు.

చూశారా, అక్కడ నమ్మకం కంటే ఒంటరితనం ఎక్కువ పనిచేసింది. ఎవరికీ చెప్పొద్దు, చెప్తే వాళ్లనీ అరెస్టు చేస్తాం, తలుపు వేసుకో, కెమెరా ముందు నుంచి కదలొద్దు. ఆ మోసంలో అసలు సరుకు ఇదే. మిగతా యూనిఫాం, వెనక స్టేషన్ సెట్టింగు, ముద్రలు అంతా అలంకారం. రెండో మనిషి చెవిన పడితే రెండు నిమిషాల్లో కూలిపోతుంది, కాబట్టే రెండో మనిషిని రానివ్వరు. మీ అమ్మగారు ఊళ్లో లేని రోజు చూసుకుని ఫోన్ చేశారని నేననను, కానీ ఆవిడ ఉంటే కథ అంత దూరం వెళ్లేది కాదు.

చట్టం సంగతి ఆయనకి మీరే చదివి వినిపించండి, కొంత ఊరట. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ప్రధాని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో దీని గురించే మాట్లాడారు. విచారణకి రమ్మని పోలీసులిచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో, హర్యానాలోని అంబాలాకి చెందిన వృద్ధ దంపతులు సుప్రీంకోర్టు పేరుతోనే తయారుచేసిన దొంగ ఉత్తర్వులు చూసి కోటి రూపాయలకి పైగా పోగొట్టుకున్న సంగతిని కోర్టు తనంతట తాను విచారణకి తీసుకుంది. డిసెంబరులో సీబీఐకి అప్పగించింది. ఆ కాగితాలు అంత పకడ్బందీగా ఉన్నాయి మరి. మీ నాన్నగారు ఒక్కరే మోసపోలేదు.

డబ్బు విషయంలో 1930కి వెంటనే చేయడం మంచి పని. లోపల జరిగేదేమిటంటే, మీ ఫిర్యాదు వెళ్లగానే డబ్బు చేరిన బ్యాంకుకి సమాచారం వెళ్తుంది, ఆ అకౌంటులో ఇంకా ఉన్నంతమేరకు హోల్డు పెడతారు. దొంగలు ఒక అకౌంటు నుంచి పది అకౌంట్లకి, అక్కడినుంచి ఏటీఎంలకి నిమిషాల్లో చిమ్మేస్తారు. అందుకే గంటలు కూడా కాదు, నిమిషాలు. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు, టైము, మొత్తం చేతిలో ఉంచుకోవాలి. ఆ తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో తెచ్చిన నియమం ప్రకారం మన పొరపాటు వల్లే డబ్బు పోయినా, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయేదానికి బ్యాంకే బాధ్యత. నేను పోగొట్టుకున్న 18 వేలల్లో రూపాయి కూడా రాలేదు, మూడు రోజులు నోరు మూసుకు కూర్చున్న ఫలితం అది. ఒక హెచ్చరిక: త్వరలో ‘మీ డబ్బు రికవరీ చేసిపెడతాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరో ఒకరు ఫోన్ చేసే అవకాశం ఉంది. లాయరనో, సైబర్ నిపుణుడనో చెప్తారు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ల జాబితాలకి గిరాకీ ఎక్కువ.

స్మార్ట్‌ఫోన్ తీసేయొద్దు. ఆయన పెన్షన్ చూసుకునేది, మనవల మొహాలు చూసేది దానిలోనే. తీసేస్తే మీరు ఆయనకి వేసే శిక్ష అవుతుంది, దొంగ వేసిన శిక్షకి తోడు. కావాలంటే ఆయన ఒప్పుకుంటేనే యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి, పెద్ద ఎఫ్‌డీలకి ఆన్‌లైన్ సౌకర్యం తీయించండి. రోజువారీ ఖర్చులకి వేరే చిన్న అకౌంటు పెట్టండి, ఫోన్‌కి అదొక్కటే కలిపి ఉంచండి. పదివేలు దాటిన దేనికైనా ముందు ఒకరికి ఫోన్ చేయాలన్న నియమం ఆయనకే కాదు, మీ అన్నయ్యకీ మీకూ కూడా పెట్టండి. పెద్దాయనకొక్కడికే పెడితే కాపలా పెట్టినట్టుంటుంది.

మీ అన్నయ్య ఫోన్ చేసి సారీ చెప్పాలి, అది వాయిదా వేయొద్దు. మళ్లీ ఏదైనా జరిగితే మీ నాన్నగారు గంటలోపు చెప్తారా, మూడు రోజులకి చెప్తారా అన్నది ఆ ఫోన్ మీదే ఉంది. మీరు రాసినదాంట్లో నాకు గుచ్చుకున్నది ఒకటే. మీ నాన్నగారి కష్టం ముందు కనిపించింది వాచ్‌మన్‌కి. పాలప్యాకెట్లు రెండు రోజులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయనో, మరేదో చూసి ఉంటాడు. ఆ వాచ్‌మన్‌కో మంచి మాట చెప్పండి, వచ్చినప్పుడు ఏదైనా పట్టుకెళ్లండి. గేటు దగ్గర ఆయన కూర్చునే చోట 1930 అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. ఆ బిల్డింగులో పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో ఆయనకే బాగా తెలుసు.